జనం ‘మనం’ అయ్యేది ఎప్పుడు?

దసరా సెలవులకు ముందురోజు సాయంత్రం విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండులో కాలు పెట్టే సందుండదు. మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి కింద వినాయకుడి గుడి దగ్గర మొదలయ్యే క్యూలోనూ అంతే. రెండు చోట్లా ఉక్కపోత, తోపులాట, చంటిపిల్లల ఏడుపులు, నిలబడీ నిలబడీ వచ్చే కాళ్ల నొప్పులు. అయితే బస్టాండులో పక్కవాళ్ల సంచి తగిలితే చిరాకు పుడుతుంది. క్యూలో అదే సంచి తగిలితే “కాస్త ముందుకు జరగండి పిన్నిగారూ” అన్న మాట వస్తుంది. మంచినీళ్ల సీసా చేతులు మారుతుంది. ఊరూ పేరూ తెలియని ఒకావిడ పక్కావిడ పిల్లాణ్ణి కాసేపు ఎత్తుకుంటుంది. బస్సు దొరికినవాళ్లు ఆ గంటను అక్కడితో మరిచిపోతారు. కొండ దిగినవాళ్లు ఎంతసేపు నిలబడ్డారో, ఎవరెవరు కలిశారో నెలల తరబడి చెప్పుకుంటారు.

దీనికి కారణం భక్తి అని చెప్పి వదిలేయవచ్చు. కానీ ఇదే మార్పు కొత్త సినిమా మొదటి ఆటలోనూ కనిపిస్తుంది. పద్యనాటకం ఆడే పందిట్లోనూ, మ్యాచ్ చివరి ఓవర్ నడుస్తున్నప్పుడు టీ బంకు ముందూ కనిపిస్తుంది. వరద చుట్టుముట్టిన వీధిలో మరింత బలంగా కనిపిస్తుంది. పదిమంది ఒకచోట చేరడం వేరు, ఆ పదిమందీ తామంతా ఒకటే అనుకోవడం వేరు. ఉద్వేగం ఒకరి నుంచి ఒకరికి పాకాలన్నా, అది మంచికి పనికిరావాలన్నా ఈ రెండోది జరగాలి. మన నగరాల్లో సభలు, ఉత్సవాలు ఏర్పాటు చేసేవాళ్లు మాత్రం మొదటిదాన్నే లెక్కపెడతారు. ఎంతమంది వచ్చారు, ఎన్ని బస్సులు వేశారు, ఎన్ని లడ్డూలు అమ్ముడయ్యాయి అన్నదే మర్నాటి వార్త.

జనసమూహాల మనస్తత్వం మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న బ్రిటన్ శాస్త్రవేత్త స్టీఫెన్ రైచర్ ఈ రెండింటినీ విడదీసి చూపారు. ఒకచోట కిక్కిరిసిన మనుషులు ఒక రకం గుంపు. తామంతా ఒకటే అన్న భావన ఉన్నవాళ్లు ఇంకో రకం గుంపు. మొదటిది రెండోదిగా మారడానికి పెద్ద సందర్భమేమీ అక్కర్లేదు. విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే బస్సు కాజ టోల్‌గేట్ దాటాక చెడిపోయిందనుకోండి. అప్పటిదాకా ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటున్న నలభై మంది అయిదు నిమిషాల్లో ఒక జట్టవుతారు. ఒకరు డ్రైవరును అడిగి వచ్చి మిగతావాళ్లకు చెబుతారు. ఇంకొకరు వెనకాల వచ్చే బస్సుకు చెయ్యెత్తుతారు. పెద్దవాళ్లను ముందు ఎక్కిద్దామని ఎవరో అంటే అందరూ సరేనంటారు. అరగంట తర్వాత గుంటూరులో దిగి ఎవరి దారిన వాళ్లు పోతారు. కష్టం అందరిదీ ఒకటే అయినంతసేపూ వాళ్లు ఒకరికొకరు పరాయివాళ్లు కారు.

ఈ భావన ఆరోగ్యం మీద కూడా పనిచేస్తుందని సూచించిన ఒక ముఖ్యమైన పరిశోధన మన దేశంలోనే జరిగింది. 2011లో ప్రయాగ మాఘమేళాకు వచ్చి, నెలరోజులు గంగ ఒడ్డున గుడారాల్లో ఉండే కల్పవాసులను 400 మందికి పైగా భారత, బ్రిటన్ పరిశోధకులు కలిసి మేళాకు ముందొకసారి, అయ్యాక ఒకసారి ప్రశ్నించారు. మేళాకు వెళ్లకుండా ఊళ్లోనే ఉన్న కొందరినీ అడిగారు. అక్కడి చలి, మైకుల హోరు, నేల మీద పడక, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం తలుచుకుంటే వెళ్లినవాళ్ల ఒళ్లు దెబ్బతినాలి. కానీ తిరిగొచ్చాక తమ ఒంట్లోనూ మనసులోనూ కులాసాగా ఉందని చెప్పినవాళ్లు వాళ్లే. ఇంటి దగ్గర ఉన్నవాళ్లలో ఆ మార్పు రాలేదు. తోటి కల్పవాసులను తమవాళ్లుగా భావించడం, వాళ్ల ఆసరా దొరుకుతుందన్న ధైర్యం కలగడం ఇందుకు తోడ్పడ్డాయని పరిశోధకుల వివరణ. అక్కడ ఎవరూ రక్తపరీక్షలు చేయలేదు, జనం చెప్పిందే ఆధారం. అయినా భవానీ దీక్ష విరమణకు శ్రీకాకుళం, విజయనగరం నుంచి ఎర్రబట్టలతో బెజవాడ చేరి, గిరిప్రదక్షిణ చేసి, ఇరుముడి సమర్పించి, అలసిపోయి కూడా కళకళలాడుతూ వెనక్కి వెళ్లే జనాన్ని చూసినవాళ్లకు ఈ ఫలితం వింతగా అనిపించదు. దీక్షలో ఉన్నన్నాళ్లూ కూలీ అయినా కాంట్రాక్టరైనా ఒకరినొకరు ‘భవానీ’ అనే పిలుచుకుంటారు. అదే రంగు బట్ట, అవే నియమాలు, అదే కొండ.

ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ డర్క్‌హైమ్ మతం గురించి 1912లో వెలువరించిన గ్రంథంలో దీని మీద చాలా దూరం ఆలోచించాడు. జనం ఒకచోట చేరి ఒకే పని మీద మనసు పెట్టినప్పుడు పుట్టే ఉద్వేగం విడివిడిగా ఏ ఒక్కరిలోనూ పుట్టదని ఆయన వాదన. తమకన్నా పెద్ద శక్తి ఏదో ఉందని మనుషులకు అనుభవంలోకి వచ్చేది ఆ క్షణాల్లోనేనని, ఆ శక్తి సమాజానిదేనని అన్నాడు. నమ్మకం ఉన్నవాళ్లకు ఈ చివరి మాట రుచించకపోవచ్చు. అదలా ఉంచినా, ఇంట్లో పూజగదిలో ఒంటరిగా కూర్చున్నప్పుడు కలగని కదలిక కొండ మీద వేల గొంతులు ఒక్కసారి జై భవానీ అన్నప్పుడు కలుగుతుందని భక్తులే చెబుతారు. అంతకు 17 ఏళ్ల ముందు, 1895లో, మరో ఫ్రెంచి రచయిత గుస్తావ్ లె బోన్ దీనికి పూర్తిగా భిన్నమైన మాట రాశాడు. గుంపులో కలిసిన మనిషి బుద్ధి కోల్పోతాడని, ఆవేశానికి లొంగిపోతాడని అన్నాడు. జనం మీద జరిగిన ఇటీవలి పరిశోధన ఆ మాటను చాలావరకు తోసిపుచ్చింది. కానీ జనం అనగానే ముందు లాఠీ, తాడు, బారికేడ్లు గుర్తొచ్చే మన ఏర్పాట్లలో లె బోన్ ఇంకా బతికే ఉన్నాడు.

లయ కుదిరినప్పుడు

మహాశివరాత్రికి నరసరావుపేట దగ్గర కోటప్పకొండ తిరునాళ్లకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ప్రభలు కదులుతాయి. ప్రభ కట్టడం ఒక్కపూటలో తేలే పని కాదు. ఊరంతా చందాలు వేసుకోవాలి. గడలు తేవాలి, చట్రం కట్టాలి, గుడ్డలు చుట్టాలి, రంగుల బల్బులు బిగించాలి. 80 అడుగులు దాటిన ప్రభలు కూడా ఉంటాయి కాబట్టి అది కదులుతుంటే నాలుగు వైపులా మోకులు పట్టుకుని నిలపాలి. ఒక వైపు వాళ్లు ఎక్కువ లాగినా, ఇంకో వైపు వాళ్లు సడలించినా ప్రభ ఒరిగిపోతుంది. అందుకే అరుపులు, డప్పులు, “చేదుకో కోటయ్యా చేదుకో” అన్న కేకలు అన్నీ ఒక వరసలో పడతాయి. ఏ ఊరి ప్రభ ఆ ఊరి పరువు. బయట ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్లు సంక్రాంతికి రాకపోయినా శివరాత్రికి సెలవు పెట్టుకుని రావడం ఆ పల్లెల్లో మామూలే.

ఇక్కడ రెండు సంగతులు ఒకేసారి జరుగుతున్నాయి. అందరి చూపూ ఒకేదాని మీద ఉంది. అందరి ఒళ్లూ ఒకే లయలో కదులుతోంది. మొదటిది ఉంటే ఉద్వేగం పుడుతుంది, రెండోది తోడైతే అది ఒంట్లోకి దిగుతుంది. 2010లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పడవపందేల జట్టు ఆటగాళ్ల మీద ఒక చిన్న ప్రయోగం చేశారు. తెడ్డు వేసే యంత్రం మీద వాళ్లను ఒకరోజు ఒంటరిగా, మరోరోజు జట్టుగా సాధన చేయించారు. పడిన కష్టం దాదాపు ఒకటే. జట్టుగా చేసిన రోజున మాత్రం వాళ్లు నొప్పిని ఎక్కువ ఓర్చుకోగలిగారు. నొప్పిని తగ్గించి హాయినిచ్చే ఎండార్ఫిన్లు అప్పుడు ఎక్కువగా విడుదలయ్యాయని పరిశోధకులు భావించారు. డజను మందితో చేసిన ప్రయోగం కాబట్టి దాని మీదే అంతా నిలబెట్టకూడదు. ఆ తర్వాత కలిసి పాడటం, కలిసి నాట్యం చేయడం మీద జరిగిన పరిశోధనలు కూడా ఇదే వైపు చూపించాయి. 2009లో స్టాన్‌ఫర్డ్‌లో జరిగిన ఇంకో అధ్యయనంలో, ఒకరి అడుగులో ఒకరు అడుగు కలిపి నడిచినవాళ్లు ఆ తర్వాత ఆడిన ఆటల్లో ఎక్కువగా సహకరించుకున్నారు.

ఫాల్గుణంలో మంగళగిరి లక్ష్మీనరసింహస్వామి తేరు లాగేటప్పుడు మోకు పట్టుకున్నవాళ్ల మొహాలు చూస్తే ఈ ప్రయోగాలన్నిటి సారం తెలుస్తుంది. చేతులు ఒరుసుకుపోతాయి, చెమట కారిపోతుంది, అయినా మోకు వదిలి పక్కకు తప్పుకోవాలని ఎవరికీ ఉండదు. ఈ మధ్య ప్రతి వాడలోనూ పుట్టుకొచ్చిన ఆడవాళ్ల కోలాటం బృందాలదీ ఇదే దారి. సాయంత్రం గంటసేపు కోలలు కలిపే ఇల్లాళ్లు “పాటలు నేర్చుకుంటున్నాం” అని చెబుతారు గానీ, నెల తిరిగేసరికి ఒకరింటి కష్టసుఖాలు ఒకరికి తెలిసిపోతాయి. మాట కన్నా ముందు అడుగు కలవడం ఆ పరిచయాన్ని తేలిక చేస్తుంది.

చూసేవాళ్ల గుండెలోనూ ఇది నమోదవుతుంది. స్పెయిన్‌లో శాన్ పెద్రో మన్రికే అనే ఊళ్లో ఏటా నిప్పుల మీద నడిచే ఆచారం ఉంది. నడిచేవాళ్లకూ చూసేవాళ్లకూ గుండె కొట్టుకునే వేగాన్ని కొలిచే పరికరాలు కట్టి పరిశోధకులు 2011లో ఫలితాలు ప్రచురించారు. నిప్పుల మీద నడిచిన మనిషి గుండె వేగం ఎక్కినప్పుడల్లా చూస్తున్న అతని బంధువుల, స్నేహితుల గుండె వేగం కూడా అదే తీరుగా ఎక్కింది. అక్కడే నిలబడి అదే దృశ్యం చూసిన పరాయి ఊరి సందర్శకులకు అలా జరగలేదు. కళ్లు చూసింది ఒకటే అయినా, తమవాడు అనుకున్నవాళ్ల గుండె మాత్రమే కదిలింది. వీరభద్రుడి సంబరాల్లో నిప్పుల గుండం తొక్కడం మన పల్లెలకు తెలిసిందే. పీర్ల పండగకు గుండం చుట్టూ ముస్లిములతో పాటు హిందువులూ చేరే ఊళ్లు ఆంధ్రలో చాలా ఉన్నాయి. ఆ ఊళ్లలో గుండం చుట్టూ నిలబడే తమవాళ్ల వలయం మతం గీసే గీత కన్నా పెద్దది.

కళలో ఈ పనిని అన్నిటికన్నా బాగా పట్టుకున్నది బుర్రకథ అనిపిస్తుంది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ దాన్ని ఎక్కడికో తీసుకెళ్లారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. కథకుడు తంబురా మీటుతూ, కాళ్ల గజ్జెలతో అడుగు వేస్తూ కథ నడుపుతాడు. చెరోపక్క నిలబడ్డ ఇద్దరు వంతలు డక్కీలు వాయిస్తూ తందాన తాన అందుకుంటారు. ఒకరు నవ్విస్తారు, ఇంకొకరు ఊరి సంగతులు, రాజకీయాలు అడుగుతారు. వంతలు అడిగేవి చూసేవాళ్ల మనసులో ఉన్న ప్రశ్నలే. అలా వినేవాళ్లు కూడా కథలో ఒక పాత్ర అవుతారు. పద్యనాటకాల్లో వన్స్‌మోర్ అనే కేకదీ అదే పని. ఆ రాగం బాగుందని తన ఒక్కడికే అనిపించిందా అని అనుమానంగా కూర్చున్న శ్రోతకు పక్కనుంచి వన్స్‌మోర్ వినపడగానే ధైర్యం వస్తుంది. రెండోసారి పాడిన పద్యం మొదటిసారి కన్నా తియ్యగా ఉండటంలో గాయకుడి గొప్పతనం ఎంతో, ఆ అడిగించుకోవడం గొప్పతనమూ అంత.

2014లో యేల్ విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక ప్రయోగం దీన్ని చాక్లెట్ ముక్కతో చూపించింది. ఇద్దరు పక్కపక్కన కూర్చుని, ఒక్క మాట కూడా అనుకోకుండా, ఒకే చాక్లెట్ ఒకేసారి తిన్నారు. పక్కవాళ్లు వేరే పనిలో ఉన్నప్పటికన్నా, వాళ్లూ అదే తింటున్నప్పుడు చాక్లెట్ రుచిగా అనిపించింది. బాగా చేదుగా ఉన్న చాక్లెట్ ఇస్తే ఫలితం తిరగబడింది. కలిసి తిన్నప్పుడు చేదు ఇంకా చేదెక్కింది. మారుతీ టాకీస్ 1921లో మొదలైనప్పటి నుంచి బెజవాడకు సినిమా హాలు అలవాటు. అదే సినిమా ఫోనులో చూస్తే చప్పగా ఉండి, గాంధీనగర్ హాల్లో ఈలల మధ్య చూస్తే ఒళ్లు పులకరించడానికి తెర సైజు ఒక్కటే కారణం అనుకోవడం పొరపాటు. సినిమా బాగోలేనప్పుడు హాలంతా కలిసి విసుక్కునే విసుగు కూడా అంత గట్టిగానే ఉంటుంది. నవ్వు సంగతి మరీ స్పష్టం. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్ పరిశీలనలో మనిషి ఒంటరిగా ఉన్నప్పటికన్నా నలుగురిలో ఉన్నప్పుడు నవ్వే అవకాశం దాదాపు 30 రెట్లు ఎక్కువ.

చేదు కూడా పెరుగుతుందన్న మాటను గుర్తుంచుకోవాలి. దానితో తర్వాత పని ఉంది.

రోజువారీ పలకరింపులు

ఉద్వేగం పంచుకోవడం అంటే జాతర్లు, తిరునాళ్లే అనుకుంటే ఏడాదిలో 360 రోజులు లెక్కలోకి రాకుండా పోతాయి. కరోనాకు ముందు అమెరికాలో షిరా గేబ్రియల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఈ విషయాన్నే ఆరా తీసింది. చుట్టూ ఉన్నవాళ్లతో ఒక్కటైపోయిన అనుభూతి వారానికి ఒక్కసారైనా కలుగుతోందని నాలుగింట మూడు వంతుల మంది చెప్పారు. దాదాపు మూడింట ఒక వంతు మంది రోజూ కలుగుతోందన్నారు. పెద్ద ఉత్సవాల్లోనే కాక, చిన్నచిన్న సందర్భాల్లోనూ అది కలుగుతోంది.

గుంటూరు బ్రాడీపేట అడ్డరోడ్లలో పొద్దున్నే టిఫిన్ బండి చుట్టూ నిలబడేవాళ్లను చూడండి. ఒకే బండికి ఏళ్ల తరబడి వచ్చేవాళ్లు ఉంటారు. ఒకరి పేరు ఒకరికి తెలియకపోవచ్చు. కానీ ఎవరికి కారప్పొడి ఎక్కువ వెయ్యాలో బండాయనకు తెలుసు, ఎవరు నాలుగు రోజులుగా రావడం లేదో పక్కవాళ్లకు తెలుసు. ఇలాంటి పలుచని పరిచయాల విలువ మీద కెనడాలో 2014లో ఒక అధ్యయనం వచ్చింది. కాఫీ షాపులో కొందరిని డబ్బిచ్చి గబగబా కాఫీ తీసుకుని రమ్మన్నారు. ఇంకొందరిని నవ్వి, అమ్మేవాళ్లను పలకరించి, రెండు మాటలాడి రమ్మన్నారు. రెండో జట్టువాళ్లు ఎక్కువ సంతోషంగా, ఆ చోటుకు చెందినవాళ్లమన్న భావనతో బయటికి వచ్చారు. అదే సంవత్సరం షికాగోలో రైళ్లలో, బస్సుల్లో తిరిగేవాళ్ల మీద జరిగిన ప్రయోగం ఇంకా ఆసక్తికరం. పక్కనున్న కొత్త మనిషితో మాట్లాడితే ప్రయాణం పాడవుతుందని ముందుగా అడిగినప్పుడు జనం అన్నారు. నిజంగా మాట్లాడినవాళ్ల ప్రయాణం మాత్రం మౌనంగా కూర్చున్నవాళ్ల ప్రయాణం కన్నా బాగా సాగింది. ఎదుటివాళ్లకు మాట్లాడాలని ఉండదేమోనని ప్రతి ఒక్కరూ అనుకుంటూ, అందరూ నోరు మూసుకుని కూర్చుంటారన్నమాట.

గుంటూరు, విజయవాడల మధ్య రైల్లో సీజన్ పాస్ మీద తిరిగే ఉద్యోగులకు ఈ ప్రయోగం చెప్పాల్సిన పని లేదు. వాళ్లకు పెట్టె ఖాయం, కూర్చునే మూల ఖాయం, ఒకరు రాకపోతే ఫోను వెళుతుంది. ఒకరి కూతురి పెళ్లికి ఇంకొకరు సెలవు పెట్టి మరీ వెళతారు. ముప్పై కిలోమీటర్ల ప్రయాణంలో కట్టుకున్న బంధుత్వం అది. అలాంటి చోటు లేనివాళ్ల సంగతే ఆలోచించాల్సింది. అపార్టుమెంటు లిఫ్టులో తలొంచుకుని, దుకాణంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, డబ్బు అందిందని స్పీకర్ పెట్టె చెప్పగానే మారు మాట లేకుండా నడిచిపోయే రోజులో పలకరింపు దొరికే చోట్లు ఒకటొకటిగా తగ్గిపోతున్నాయి. చెల్లింపు తేలికవడం మంచిదే. చిల్లర కోసం ఆగిన ఆ అరనిమిషంలో వాతావరణం గురించో, పిల్లల పరీక్షల గురించో నడిచే మాట మాత్రం దానితో పాటే పోయింది. పార్కుల్లో వాకర్స్ అసోసియేషన్లు, లాఫింగ్ క్లబ్బులు పెరగడం ఈ లోటును జనం గుర్తించిన గుర్తే. ముంబైలో 1995లో మదన్ కటారియా అనే డాక్టరు అయిదుగురితో మొదలుపెట్టిన నవ్వుల క్లబ్బు దేశమంతా ఇంత త్వరగా పాకిందంటే, పొద్దున్నే నలుగురితో కలిసి నవ్వే అవసరం ఎంతమందికి ఉందో తెలుస్తుంది.

కష్టంలో

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్లు విజయవాడ మీదకు వచ్చాయి. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, కండ్రిక వంటి చోట్ల కింది అంతస్తులు మునిగాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా ప్రవాహం 11.4 లక్షల క్యూసెక్కులకు చేరింది. జనం పై అంతస్తులకు, డాబాల మీదకు చేరారు. కరెంటు లేదు, తాగే నీళ్లు లేవు. హెలికాప్టర్లు, డ్రోన్లు, పడవలు, ట్రాక్టర్లు తిండి పొట్లాలు మోశాయి. లోపలి సందుల్లోకి అవి చేరడానికి చాలా ఆలస్యమైంది. ఆ ఆలస్యాన్ని మనుషులే పూడ్చారు. కింది ఇంటివాళ్లను పై ఇంటివాళ్లు పిలిచి చోటిచ్చారు. ఉన్న బియ్యం కలిపి వండుకున్నారు. వరద తాకని పేటల్లో పులిహోర పొట్లాలు కట్టి, రొమ్ముల్లోతు నీళ్లలో మోసుకెళ్లి పంచినవాళ్లు ఉన్నారు.

ఆపద వస్తే జనం ఎవరి ప్రాణం వాళ్లు చూసుకుంటారన్న పాత నమ్మకానికి ఇది విరుద్ధంగా ఉంది. బ్రిటన్ పరిశోధకుడు జాన్ డ్రూరీ బృందం 2005 జూలై 7 లండన్ బాంబు పేలుళ్ల నుంచి బయటపడ్డవాళ్ల అనుభవాలను సేకరించినప్పుడు కూడా ఇలాగే తేలింది. చీకటి సొరంగంలో, పొగలో ఇరుక్కున్న అపరిచితులు ఒకరికొకరు నీళ్లిచ్చుకున్నారు, గాయాలకు కట్లు కట్టారు, వరసగా బయటికి నడిచారు. ఒకే ఆపదలో ఉన్నామన్న తెలివిడే వాళ్లను కలిపింది. కాజ టోల్‌గేట్ దగ్గర చెడిపోయిన బస్సులో చిన్నగా జరిగిందే ఇక్కడ ప్రాణాల మీదకు వచ్చినప్పుడు పెద్దగా జరిగింది.

బాధ కలిసి పడటం మనుషుల్ని ఎందుకు దగ్గర చేస్తుందో ఆస్ట్రేలియాలో బ్రాక్ బాస్టియన్ బృందం 2014లో పరీక్షించింది. కొందరితో ఐసు నీళ్లలో చెయ్యి పెట్టించారు, కొందరితో పచ్చి మిరపకాయ తినిపించారు. కలిసి ఆ మంట పడ్డవాళ్లు ఆ తర్వాత ఆటలో ఒకరినొకరు ఎక్కువగా నమ్మారు, ఎక్కువగా సహకరించుకున్నారు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి ఇరుగుపొరుగు అన్నం వండి తెచ్చే ఆచారం మనకు ఎప్పటి నుంచో ఉంది. తెచ్చినవాళ్లు పెద్దగా మాట్లాడరు. పక్కన కూర్చుంటారు, తినమని రెండుసార్లు అడుగుతారు, గిన్నె అక్కడే పెట్టి వెళతారు. ఓదార్పు మాటల కన్నా అది ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే దుఃఖం వాళ్లది ఒక్కళ్లదే కాదని అందులో తెలుస్తుంది.

అయితే నీళ్లు దిగాక ఏం జరుగుతుంది? 2015 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని యార్క్ నగరం వరదలో మునిగింది. అక్కడ నెలల తర్వాత తిరిగి చూసిన పరిశోధకులకు, ఆపదలో పుట్టిన ఐక్యత చాలాచోట్ల సన్నగిల్లినట్టు కనపడింది. నష్టపరిహారం అందరికీ ఒకేలా రాకపోవడం, ఎవరి మరమ్మతుల్లో వాళ్లు పడిపోవడం దాన్ని తగ్గించాయి. ఏడాది గుర్తుగా కలుసుకోవడం, వీధి విందులు పెట్టుకోవడం వంటి పనులు చేసినచోట అది నిలిచింది. విజయవాడ మునిగిన పేటల్లోనూ పరిహారం జాబితాల దగ్గర చేదు మాటలు వినపడ్డాయి. కష్టంలో ఒక్కటైనవాళ్లను ఒక జాబితా విడదీసేస్తుంది. యార్క్ లాంటి కలయికలను ఎవరో వచ్చి ఏర్పాటు చేస్తారని చూడకుండా, ఆ వీధులవాళ్లే పెట్టుకోవాల్సిన అవసరం ఉంది.

తలుపు ఎవరికి తెరుస్తారు

అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాండల్ కాలిన్స్, ఉద్వేగం రగలడానికి నాలుగు దినుసులు కావాలంటాడు. మనుషులు ఎదురుగా ఉండాలి, చూపు ఒకేదాని మీద ఉండాలి, మూడ్ ఒకటి కావాలి. నాలుగోది కాస్త ఇబ్బందిపెట్టే మాట: లోపలివాళ్లెవరో బయటివాళ్లెవరో తెలిసే గీత ఒకటి ఉండాలి.

మన కార్తీక వనభోజనాల్లో ఆ గీత ఏమైందో చూడాలి. ఉసిరిచెట్టు కింద పదిమందీ కూర్చుని తినే ఆచారం విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల తోటల్లో కులం పేరుతో ఫ్లెక్సీ కట్టి జరిపే సమావేశంగా మారింది. అక్కడ సంతోషం లేదని అనలేం. చాలా ఉంది. ఆటలు, పాటలు, పెళ్లి సంబంధాల మాటలు, ఏళ్ల తర్వాత కలిసిన చుట్టాలు. ఆ సంతోషమే సమస్య. లోపల ప్రేమ ఎంత పెరిగితే గోడ అంత గట్టిపడుతుంది. అదే తోటలో వంట చేసిన, విస్తళ్లు ఎత్తిన మనుషులకు ఆ పంక్తిలో చోటుండదు. శ్రీరామనవమికి వీధి మలుపులో పందిరి వేసి పానకం, వడపప్పు పంచే పద్ధతిని దీనితో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. పందిరి కిందకు ఎవరొచ్చినా గ్లాసు అందుతుంది. గుణదల మేరీమాత ఉత్సవాలకు ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు కొండెక్కే జనంలో క్రైస్తవులు కానివాళ్లు చాలామంది కనిపిస్తారు. కొబ్బరికాయలు కొట్టి, తలనీలాలు ఇచ్చేవాళ్లూ ఉంటారు. వాళ్లను అక్కడ ఎవరూ వెనక్కి పంపరు. గీత ఉన్నా దాటి రావడానికి వీలుంటే కూడిక మనుషుల్ని కలుపుతుంది.

కొన్ని చోట్ల అవసరం లేని గీతను ఏర్పాట్లే గీస్తాయి. ఆరు గంటలు నిలబడ్డ క్యూ పక్కనుంచి వీఐపీ వాహనాలు కొండెక్కుతుంటే అంతసేపూ ఒక్కటిగా ఉన్న జనం మనసు విరిగిపోతుంది. అలసట ఒక్కసారి కోపం అవుతుంది. కలిసి తిన్న చేదు ఇంకా చేదెక్కడం అంటే ఇదే. టికెట్ లైను, ప్రత్యేక లైను, సిఫారసు లైను అంటూ జనాన్ని ముక్కలు చేసినకొద్దీ “కాస్త జరగండి పిన్నిగారూ” అనే మాట తగ్గి గొడవలు పెరుగుతాయి.

2015 జూలై 14న గోదావరి పుష్కరాల తొలిరోజు రాజమహేంద్రవరం ఘాటు దగ్గర జరిగిన తొక్కిసలాటలో పాతిక మందికి పైగా చనిపోయారు. ఇలాంటివి జరిగినప్పుడల్లా జనం ఎగబడ్డారు, భయపడి పరిగెత్తారు అని రాస్తారు. జనం కదలికల మీద పనిచేసిన అమెరికా ఇంజనీరు జాన్ ఫ్రూయిన్ 1990ల్లోనే చెప్పిన సంగతి వేరు. చదరపు మీటరుకు సుమారు ఏడుగురు చేరితే జనం ద్రవంలా కదులుతుంది. అప్పుడు ఎవరి అడుగూ వాళ్ల చేతిలో ఉండదు, చాలామంది నిలబడి ఉండగానే ఊపిరాడక పోతారు. అక్కడ ఎవరి బుద్ధీ చెడలేదు, చోటు చాలలేదు. వెనకున్నవాళ్లకు ముందు ఏం జరుగుతోందో తెలిసే దారి లేదు. తప్పును జనం మీద వేసినంతకాలం చోటు గురించి, సమాచారం గురించి ఎవరూ అడగరు.

కృష్ణా పుష్కరాలు 2016లో ఆగస్టు 12 నుంచి 23 వరకు జరిగాయి. మళ్లీ 2028లో వస్తాయి. దుర్గా ఘాటు, పద్మావతి ఘాటు, పున్నమి ఘాటు, అవతల సీతానగరం, ఎగువన అమరావతి అన్నీ నిండుతాయి. ఆ 12 రోజుల కోసం నక్షాలు గీసేటప్పుడు మెట్ల వెడల్పు, బస్సుల సంఖ్యతో పాటు తేల్చాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. వీఐపీలకు ఘాటు విడిగా ఉండాలా వద్దా, ఉంటే వాళ్ల రాకకు మామూలు క్యూ ఆగకుండా ఎలా చూడాలి? క్యూ ఆగినప్పుడు ఎందుకు ఆగిందో, ఎంతసేపు ఆగుతుందో ప్రతి వంద అడుగులకూ మైకులో చెప్పే మనిషి ఎవరు? మంచినీళ్లు పంచే పనికి, దారి చూపే పనికి ఎవరిని తీసుకోవాలి? సింగ్‌నగర్ సందుల్లో రొమ్ముల్లోతు నీళ్లలో పొట్లాలు మోసినవాళ్లకు ఆ పని కొత్తగా నేర్పాల్సిన అవసరం ఉండదు. వాళ్లను ఇప్పటి నుంచే పిలిచి మాట్లాడవచ్చు.